మధ్యలో దిగే టికెట్

ఆసుపత్రుల్లో ఆక్సిజన్ తయారుచేసే యంత్రాలను బాగుచేసే కంపెనీలో మా పిన్ని ఉద్యోగం. మెకానిక్కులకు విమానం టికెట్లు తీయడం ఆమె పని. పదకొండేళ్లుగా ఆమె కూర్చునేది కిటికీ లేని గదిలో, జెరాక్స్ మెషీన్ పక్కనే. బేరమాడకుండా చీపురు కూడా కొనని మనిషి, కంపెనీ డబ్బునూ సొంత డబ్బులాగే చూసేది.

ఒక్కోసారి ఒక ఊరికి నేరుగా తీసే టికెట్ కన్నా, ఆ ఊళ్లో విమానం మారి ఇంకా దూరం పోయే టికెట్ చవగ్గా దొరుకుతుంది. పిన్ని ఆ దూరపు ఊరికే టికెట్ తీసి, మెకానిక్కును మధ్య ఊళ్లో దిగిపొమ్మనేది. విమాన సంస్థలకు ఇది గిట్టదు. అందుకని అందరికీ పాఠం చెప్పి మరీ పంపేది. విమానంలో వేసిన సామాను చివరి ఊరికే పోతుంది కాబట్టి చేతిలోనే ఉంచుకోవాలి. ఎవరడిగినా చివరి ఊరికే వెళ్తున్నామనాలి. మధ్య ఊరి మాట ఎత్తకూడదు.

మెకానిక్కుల్లో బాగా చెయ్యి తిరిగినవాడొకడు ఆమెను అక్కా అని పిలిచేవాడు. "నాకొచ్చింది రిపేరు పని. నువ్వేమో నాటకాలు నేర్పిస్తున్నావు" అని ఒకసారి గొణిగాడు. ఈమధ్య కౌంటర్లో అమ్మాయి తనను ఎగాదిగా చూసి ఏదో రాసుకుందని కూడా చెప్పాడు. అది విన్నాక పిన్ని రెండు రోజులు నేరుగా వెళ్లే టికెట్లే తీసింది. మూడో రోజు మళ్లీ మామూలే.

ఆ గురువారం తెల్లవారుజామున ఒక ఆసుపత్రిలో యంత్రం ఆగిపోయింది. ఐసీయూలో ఐదుగురున్నారు. ఉన్న సిలిండర్లు సాయంత్రం నాలుగింటి దాకా వస్తాయి. మేనేజర్ ఫోన్ చేసి, ఖర్చు చూడొద్దు, మెకానిక్కును పొద్దున్నే పంపించమన్నాడు. నేరుగా వెళ్లే టికెట్ ధర చూసి పిన్నికి కళ్లు తిరిగాయి. దూరపు ఊరికి పోయేది మూడోవంతుకే ఉంది, పైగా ఇరవై నిమిషాలు ముందే బయల్దేరుతుంది. ఆమె చెయ్యి అటే పోయింది. ఆ రోజు పొదుపు చేయమని ఎవరూ అడగలేదు.

పదింటికి ఆ మెకానిక్కే విమానాశ్రయం నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, మన విమానం రద్దు చేశారు."

మిగతావాళ్లను ఏం చేశారని అడిగింది పిన్ని.

"మధ్య ఊరి వాళ్లందర్నీ నేరుగా వెళ్లేదాంట్లో సర్దేశారు. నాది చివరి ఊరు కదా అని, సాయంత్రం వేరే దారిలో పంపిస్తామన్నారు."

"మరి నువ్వు చెప్పలేదా, అక్కడే దిగాలని?"

"నువ్వే కదక్కా చెప్పొద్దన్నావు. ఉండబట్టలేక తర్వాత చెప్పాను. అప్పటికే సీట్లు నిండిపోయాయి. ఇప్పుడే తలుపు మూశారు."

పిన్ని ఇంకో విమానం వెతికింది. లేదు. కారులో వెళితే పది గంటలు. ఆసుపత్రి ఉన్న ఊళ్లో ఆ యంత్రం తెలిసినవాడు లేడు. వెతుకులాటలో అరగంట గడిచిపోయింది. అంతలో ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు ఫోను. మీవాడు ఎక్కాడా అని అడుగుతోంది. మేనేజర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

విమానం రద్దయిందని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. అది అబద్ధమూ కాదు. కానీ ఆ మాట వింటే వాళ్లు తర్వాతి విమానం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

"ఎక్కలేదండీ" అంది పిన్ని. "నాలుగింటికి రాలేడు. టికెట్ తప్పుగా తీసింది నేనే. మీరు పేషెంట్లను వేరే ఆసుపత్రికి మార్చడం మొదలుపెట్టండి."

నర్సు తిట్టలేదు. తమకున్నది ఒక్కటే అంబులెన్సు అనీ, వెళ్లి రావడానికి గంటన్నర పడుతుందనీ, ఒక్కొక్కరు తగ్గేకొద్దీ ఉన్న ఆక్సిజన్ మిగతావాళ్లకు ఇంకాసేపు రావచ్చనీ చెప్పింది. ఎంతసేపో చెప్పలేదు.

ఖర్చు చూడొద్దని తను చెప్పాక కూడా ఎందుకలా చేశారని మేనేజర్ అడిగాడు.

"అలవాటండీ" అంది పిన్ని.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. అటువైపు స్ట్రెచర్ చక్రాల చప్పుడు, ఎవరో దారి ఇమ్మని అరవడం, తలుపులు కొట్టుకోవడం వినిపిస్తున్నాయి. చాలాసేపటికి నర్సు మళ్లీ ఫోన్ అందుకుంది.

"మొదటావిడ బయల్దేరిందమ్మా. ఇంకా నలుగురున్నారు."

అప్పటికి పన్నెండు కావస్తోంది.