తెల్లమెట్లు దాటని మనిషి

చీరాల నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒడిలో డిజిటల్ పియానో సంచి ఉంది. సంగీతం టీచరట. ఇంకేం, నా కడుపుమంటంతా ఆమె ముందు వెళ్లగక్కాను. పద్దెనిమిదేళ్లు మా చర్చిలో ఇలాంటి పియానోనే వాయించాను. కొత్తగా వచ్చిన ఒకాయన "అక్కకు చెవి పోయింది, శ్రుతి తెలియడం లేదు" అని సంఘమంతా వినేలా అని, నా కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ పియానో శ్రుతి చెడగొట్టే దారేమైనా ఉందా అమ్మాయ్?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "సెట్టింగుల్లో పాతకాలపు శ్రుతులు ఉంటాయి ఆంటీ. ఏ మెట్టు మీద పెడితే ఆ మెట్టు పాటలు తియ్యగా పలుకుతాయి, దూరపు మెట్ల పాటలు ఏడుస్తాయి. ఆయన ఏ మెట్టు మీద వాయిస్తాడు?"

"ఎవరి గొంతుకు అందకపోయినా సి మెట్టు మీదే. నల్లమెట్లు ముట్టుకోడు."

"అయితే సి మీద పెట్టారా, ఆయన్నే మెచ్చుకుంటారు. ఎఫ్ షార్ప్ మీద పెట్టండి, సి కి అన్నిటికంటే దూరపు నల్లమెట్టు అదే." ఏ బటన్లు నొక్కాలో సంచి మీదే వేలితో రెండుసార్లు చూపించి, చినగంజాంలో దిగిపోయింది.

ఆదివారం అందరికంటే ముందు వెళ్లి ఆ పని కానిచ్చాను. మొదటి పాటకే పాడేవాళ్ల గొంతులు చెదిరిపోయాయి. ఆయన వాయిస్తూనే వెనక్కి తిరిగి, "ఏంటమ్మా, అందరూ అపశ్రుతి పాడుతున్నారు!" అని వాళ్లనే గద్దించాడు.

పాస్టరమ్మగారు నా దగ్గరికి వచ్చి, "నువ్వెళ్లి వాయించు తల్లీ" అని బతిమాలారు.

"ఆయన్నే వాయించనివ్వండమ్మా, ఇంకా మూడు పాటలున్నాయిగా" అన్నాను.