గోజో రేవుల్లో మా దానియేలు కోసం

మాల్టా ఎలా వెళ్లారు, పడవకి ఎంతయింది అని మేదినీపూర్ దగ్గర ఖరిదాలో మా ఇరుగుపొరుగు, ఇందా బడిలో నా తోటి టీచర్లు అడుగుతున్నారు. ఎందుకు వెళ్లామో వాళ్లకి తెలుసు. తెలియనివారి కోసం ముందు అదే చెబుతాను. నా భర్త దానియేలు సరుకుల ఓడలో వంటవాడు. నిరుడు ఫిబ్రవరిలో ఒక ఉదయం టిఫిన్ వేళకి అతను వంటగదిలో లేడు. ఓడంతా వెతికినా కనిపించలేదు. అప్పుడు ఓడ మాల్టా దేశపు గోజో దీవికి పడమటగా పోతోందని మాకు ఉత్తరం వచ్చింది. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

మా అత్తగారు రత్నమ్మ ఆ ఉత్తరాన్ని నమ్మలేదు. పూర్వం బైబిల్లోని ఒక అపొస్తలుడు ఎక్కిన ఓడ మాల్టా దగ్గరే బద్దలైందనీ, అందులో ఒక్క ప్రాణం కూడా పోలేదనీ ఆమె చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నది. "కాసాయి నది ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదినోడు నా కొడుకు. ఏదో రేవులో ఒడ్డెక్కుంటాడు. సూడకుండా సచ్చిపోయినాడని ఎలాగ సెప్తారు?" అనేది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టనివ్వలేదు. అతని ఫోన్‌కి నెలనెలా రీచార్జి చేయించేది. నాకు ఏడవడానికి కూడా వీల్లేకుండా చేసిందని లోలోపల కోపం ఉండేది. ఒక్కసారి ఆ సముద్రం చూపిస్తే ఒప్పుకుంటుందనుకున్నాను. ఈ ప్రయాణం అందుకే పెట్టుకున్నాను.

వీసాకి నలభై రోజులు పట్టింది. హౌరా లోకల్‌లో బయలుదేరి, కోల్‌కతా నుంచి దుబాయ్ మీదుగా రెండో రోజు మధ్యాహ్నానికి మాల్టాలో దిగాం. విమానాశ్రయం బయటే బస్సు ఎక్కితే గంటన్నరలో చిర్కెవ్వా రేవు. అక్కడి నుంచి గోజోకి పెద్ద పడవలో ఇరవై అయిదు నిమిషాలు. టికెట్ వెళ్లేటప్పుడు అడగరు, తిరిగి వచ్చేటప్పుడు కొనాలి. దీవి చుట్టూ జనాన్ని గుంపుగా తిప్పే పడవలు చౌకే కానీ చూడమన్నచోట ఆగవు. అందుకని సాల్వు అనే అరవై ఏళ్ల ఆయన పడవని అయిదు గంటలకి రెండు వందల ఇరవై యూరోలకి మాట్లాడుకున్నాను. మా పని ఏమిటో ఆయనకి చెప్పలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకి గోజోలోని ఇమ్జార్ రేవు నుంచి బయలుదేరాం. దీవి చుట్టూ కొండలు నిలువుగా సముద్రంలోకి దిగుతాయి. మధ్యమధ్య కొండ చీలిన చోట నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చి, చివర గులకరాళ్లతో చిన్న రేవులవుతాయి. మొదటిదానికి పావుగంటలో చేరాం. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే పడవ నీడ అడుగున పడుతోంది. సాల్వు నవ్వుతూ ఈత కళ్లద్దాలు అందించబోయాడు. అత్తగారు అవి తీసుకోకుండా చీర కుచ్చిళ్లు దోపుకొని దిగి, రేవు చివరిదాకా నడిచి, ప్రతి బండ వెనకా చూసింది. ఈత కొడుతున్న ఇద్దరికి కొడుకు ఫోటో చూపించింది. వాళ్లు తల అడ్డంగా ఊపారు.

తిరిగొచ్చి ఆ ఫోటో సాల్వుకి కూడా చూపించింది. "దాదా, మేరా బేటా" అంది. అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది. విని ఆయన కళ్లద్దాల సంచి కాళ్ల కిందకి తోసేశాడు. "ముందే చెప్పాల్సిందమ్మా," అన్నాడు ఇంగ్లీషులో. ఆ తర్వాత అందమైన చోట్లు చూపించడం మానేసి, మనిషి ఎక్కడానికి వీలున్న చోట్లకే తీసుకెళ్లాడు. అలాంటివి చాలా తక్కువ. గంటసేపు పోయినా పక్కన నిలువు గోడలాంటి కొండే. చెయ్యి పెట్టడానికి అంచు కూడా లేదు.

పదకొండు గంటలకి ద్వెయ్రా దగ్గర ఆగాం. అక్కడి నుంచి పడమటికి అంతా సముద్రమే. అత్తగారు చాలాసేపు అటే చూసి, "ఓడలు ఎటేపు ఎల్తాయి, అడుగు," అంది. అడిగాను. కంటికి ఆనని దూరంలోకి వేలు చూపించి, ఎన్ని మైళ్లో చెప్పాడు సాల్వు.

"అదెంత దూరముంటాది?"

"మన ఊరి నుంచి మేదినీపూర్ వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చినంత అత్తా."

ఆమె వంగి చెయ్యి మోచేతిదాకా నీళ్లలో పెట్టింది. జూన్ ఎండలో కూడా ఆ చలికి వెంటనే తీసేసింది. "మాఘమాసంలో ఎలాగుంటాదో అడుగు."

సాల్వు ఆమెకేసి చూడకుండా నాకే చెప్పాడు. ఫిబ్రవరిలో గాలి లేస్తే తమలాంటివాళ్లే పడవలు తియ్యరన్నాడు. అంత దూరం నుంచి ఈది వచ్చినవాణ్ణి ఎవర్నీ తాను ఎరగనన్నాడు. నేను తెలుగులో చెప్పకముందే ఆమెకి అర్థమైంది.

"సుజాతా, ఇంటికెళ్లి కూడిక పెట్టించేద్దాం," అంది. "మనిషి బతికే నీల్లు కావివి. నా కొడుకు ఇక నేడమ్మా."

పదహారు నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను. తీరా అది విన్నాక, "ఇంకా ఉత్తరం వైపు చూడలేదు కదా అత్తా! అప్పుడే ఎలా అంటావు?" అని అరిచాను. సాల్వుని బతిమాలాను. ఆయన టైము కూడా చూసుకోకుండా పడవ తిప్పాడు. ఉత్తరాన వియెద్ ఇల్ ఆస్రి అనే రేవు ఉంది. రెండు కొండల మధ్య సందులా వంకర తిరిగి ఉంటుంది. నేను ఒక్కదాన్నే దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా రాళ్ల మీద పరిగెత్తాను. ప్రతి గుహలోకీ తొంగి చూశాను. దానియేలూ అని పిలిచాను. ఆ పేరు బయటికి పిలిచి ఎన్నాళ్లయిందో! కొండలు నా గొంతునే నాకు తిరిగిచ్చాయి. పైకి వెళ్లే మెట్ల దగ్గర కూలబడిపోయాను. అత్తగారు మోకాళ్ల లోతు నీళ్లలో దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రామ్మా. ఇక్కడేటీ నేదు. బేగి రా, గాలి లేస్తంది," అంది.

ఇంటికి వచ్చాక మా ఊళ్లో పూరీ గేట్ దగ్గర మా చర్చిలో కూడిక జరిగింది. అత్తగారు లేచి కొడుకు గురించి నాలుగు మాటలు చెప్పగలిగింది. నా వంతు వచ్చినప్పుడు నేను లేవలేకపోయాను. ఆమె మొండితనాన్ని నేనే మోస్తున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి ఆ మొండితనం నీడలోనే నేను రోజూ అన్నం తిన్నాను, బడికి వెళ్లాను, పిల్లలకి ఎక్కాలు చెప్పాను. ఇప్పుడు అది లేదు. ఆ దీవి అందమైనదే, అబద్ధం చెప్పను. నాకు మాత్రం అక్కడి నీళ్ల తేటదనమే గుర్తుండిపోయింది. అంత స్పష్టంగా అడుగు కనబడింది, అందులో ఏమీ లేదు.

వెళ్లేవారికి ఒక్క మాట: మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. మీరు కూడా ఎవరినైనా వెతకడానికే వెళుతుంటే, ఇక చాలు రమ్మని చెయ్యి పట్టుకొని లేపగల మనిషిని వెంట తీసుకెళ్లండి.