హెచ్చరిక చదివిన గొంతు

గోదావరి మధ్యలో ఉన్న మా లంకలో ఎవరినడిగినా మాకు యాస లేదనే చెబుతారు. యాస అంటే తెలంగాణ వాళ్లది, శ్రీకాకుళం వాళ్లది. మాది మామూలు తెలుగు. నేనూ పెళ్లయ్యేదాకా అలాగే అనుకున్నాను. గోదావరి పాయ దాటి గట్టు మీది ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో రామచంద్రపురంలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర వడ్డించే అతనితో "కూసింత ఎయ్యండి, సాలు" అన్నాను. పక్కన కూర్చున్నావిడ నా వైపు తిరిగి, "లంకల్లో పుట్టారేంటండీ?" అంది. అందులో వెటకారం లేదు. అయినా ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. ఆ పెళ్లి నుంచి వచ్చాక శాఖా గ్రంథాలయంలో చేరాను. కుట్టుమిషను పని ముగించుకుని వెళ్లి, తలుపులు వేసేదాకా చదివేదాన్ని. నవలలు, చరిత్ర, చివరికి భాషాశాస్త్రం కూడా. ఏ మాండలికమూ మరొకదానికంటే తక్కువది కాదని అక్కడే చదివాను, ఒప్పుకున్నాను, ఇంటికొచ్చి అద్దం ముందు నా మాండలికాన్ని వదిలించుకునే సాధన చేశాను. పదేళ్లకు నా నోట "వత్తాను" రావడం మానేసింది. లంకలోనే కాపురం ఉంటున్న మా అక్క నన్ను చూడగానే, "వచ్చిందమ్మా బుక్కులావిడ. మాకూ ఓ ముక్క అర్థమయ్యేలా సెప్పవే" అనేది. ఆ ఎగతాళి కూడా నాకు బాగానే ఉండేది.

రెండేళ్ల కిందట, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు, మా వీఆర్వో గారు ఇంటికి వచ్చారు. లంకలో ఆటో మీద మైకు తిప్పాలి, దానికి ఎవరైనా స్పష్టంగా చెప్పి రికార్డు చేయాలి. "మీ తెలుగు బాగుంటుందండి. మీరైతే అందరికీ అర్థమవుద్ది" అన్నారు.

ఆయన చెప్పిన విషయాన్ని నేనే రాసుకున్నాను. లోతట్టు ప్రాంతాల ప్రజలు తక్షణమే సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్లవలసిందిగా విజ్ఞప్తి. పునరావాస కేంద్రంలో భోజన, వసతి సదుపాయాలు కల్పించడమైనది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోనులో మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఎక్కడా తడబాటు లేదు, తొందర లేదు. వీఆర్వో గారు విని, "టీవీలో చెప్పినట్టే ఉందండి" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆటో నా గొంతుతో లంకంతా తిరిగి, చివరి అరటితోటల దాకా వెళ్లి వచ్చింది.

పదకొండింటికి ఆయన ఫోన్ చేశారు. "ఒక్కరూ కదల్లేదండి. పునరావాస కేంద్రం పెట్టిన స్కూల్లో వండింది వండినట్టే ఉంది. రెండో హెచ్చరిక కూడా ఇచ్చేశారు."

వెంటనే అక్కకు చేశాను. గేదెకు గడ్డి వేస్తోందట.

"అక్కా, మైకు వినలేదా?"

"విన్నానే. ఎవరో గవర్నమెంటావిడ ఏదో సదివి పోయింది. ఏటేటా ఉండేదే కదా."

"అది నేనే అక్కా."

అక్క నవ్వింది. "నువ్వా? నీళ్లు నిజంగా వచ్చేత్తంటే అంత నెమ్మదిగా సెప్తావేంటే?"

అదే ఆటో ఎక్కి నేనూ వెళ్లాను. కాజ్‌వే మీద నీళ్లు అప్పటికే చక్రాల సగానికి ఉన్నాయి. అటు నుంచి ఇటు ఎవరూ రావడం లేదు. లంకలో అరుగుల మీద కూర్చుని ఉన్నారు, అరటి దొప్పల్లో ఏదో తింటున్న పిల్లలు మాకు చెయ్యి ఊపారు. మైకు నేనే తీసుకున్నాను. ఈసారి గట్టిగా, భయం తెలిసేలా చెప్పాలని. నోరు తెరిస్తే "గ్రామ ప్రజలకు ముఖ్య గమనిక" అని వచ్చింది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. "దయచేసి" అని వచ్చింది. చిన్నప్పటి మాట కోసం లోపల వెతుక్కుంటున్నాను, అది దొరకడం లేదు. అరుగు మీద ఉన్న ఒకాయన పక్కకు జరిగి, "అలాగేనండి, ఆయ్" అని మర్యాదగా అన్నాడు, లేవలేదు.

అక్క ఇంటి ముందు ఆటో ఆగేసరికి పెరటి దడి కింద నుంచి నీళ్లు పాకుతున్నాయి. అక్క నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఏవండోయ్, ఏరు మా పెరట్లోకి వచ్చేసిందండి. గేదె పలుపు కోసేసేనండి. నేనెల్లిపోతన్నాను. ఇక మీ ఇట్టం."

అంతే. మైకు నా ఒళ్లో పడేసి, లోపలికి వెళ్లి మూట తెచ్చుకుంది. అప్పుడు లేచారు. అరుగులన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. పావుగంటలో దారంతా మనుషులు, మేకలు, నెత్తి మీద గ్యాసు సిలిండర్లు.

"బావ ఏడీ?" అన్నాను.

"సివరి తోటలో గెలలు ఇరిగిపడకుండా ఎదురు కర్రలు పోట్లు కడతన్నాడు." నేను అతనికి ఫోన్ చేస్తే అక్క సంచిలో మోగింది. అది బావదే, ఇంట్లో మరచిపోయి వెళ్లాడు. చివరి తోటల దారి మునిగిపోయింది, ఆటో అటు వెళ్లదని డ్రైవరు చెప్పేశాడు. అక్క మాత్రం నిబ్బరంగానే ఉంది. "పొద్దున్న మైకు అటు కూడా ఎల్లింది కదే. వినే ఉంటాడు. తోటల గట్టెమ్మటే నడిచి వచ్చేత్తాడు."

పొద్దున అతను విన్నది ఏమిటో నాకు తెలుసు.

స్కూలు వరండాలో కూర్చున్నాం. మేం దాటాక కాజ్‌వే పూర్తిగా మునిగిపోయింది. సాయంత్రానికి పడవలు తిరగడం ఆపేశారు. చీకటి పడేలోపు అక్క ఆరుసార్లు గట్టు దాకా వెళ్లి వచ్చింది. ఏడోసారి వెళ్లలేదు. అన్నం పళ్లెం పట్టుకుని, తినకుండా, నీళ్లు వచ్చే వైపే చూస్తూ కూర్చుంది.

తెల్లవారాక పడవ వాళ్లు బావను తీసుకొచ్చారు. తోటలో పాక కొట్టుకుపోతే బావ కొబ్బరిచెట్టెక్కి, గెలలు కట్టే తాడుతో నడుము మానుకు కట్టుకుని ఉన్నాడట. తాడు ఒరిసి నడుం చుట్టూ తోలు లేచిపోయింది. వేడి పాలు తాగాక గొంతు పెగిలింది.

"నిన్న పొద్దున్న మైకులో నువ్వేనంట కదే," అన్నాడు నాతో. "పని ఆపి ఆకర్దాకా విన్నాను. ఎంత సక్కగా సెప్పేవో. ఒక్క మాట తప్పు లేదు."

నిజంగానే మెచ్చుకుంటున్నాడు. అక్క అతని కాళ్ల బురద తుడుస్తోంది. తల ఎత్తలేదు. ఆ గుడ్డ ఒకేచోట, శుభ్రమైపోయిన చోటే, మళ్లీ మళ్లీ తిరుగుతోంది.