క్రిస్మస్ బజారులో బొట్టు

మాంచెస్టర్‌లో మా భాషల గుంపు శనివారాలు ఒక లైబ్రరీలో కలుస్తుంది. అరగంట నువ్వు నాకు నీ భాష నేర్పాలి, అరగంట నేను నీకు నాది నేర్పాలి. అంతే పద్ధతి. నేను స్పానిష్ నేర్చుకుందామని వెళ్లాను. నిర్మలాదేవి ఆంటీ నా ముఖం చూసి, "తెలుగమ్మాయివేగా? ఇలా రా, మా బల్లకి ఒక మనిషి తక్కువైంది" అని కుర్చీ లాగింది. ఇప్పటికీ నాకు స్పానిష్‌లో నాలుగు మాటలు రావు.

ఆంటీది భీమవరం. వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. కళ్లజోళ్ల షాపులో పనిచేసి రిటైరైంది. ఆమెకు తెలియని సంగతి లేదు, ఆమె లెక్కలో. జీపీ డాక్టరు దగ్గరకు తనకు కావలసిన మందు తనే నిర్ణయించుకుని వెళుతుంది. ట్రామ్ ఆలస్యమైతే డ్రైవర్‌కే సలహా చెబుతుంది. నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఆమె రాని శనివారం చప్పగా ఉంటుందని ఒప్పుకోక తప్పదు.

ఆంటీకి ముఖ్య శిష్యురాలు హెలెన్, అరవై దాటిన ఇంగ్లీషావిడ. కోవిడ్ రోజుల్లో ఆమె కొడుకు హైమ అనే తెనాలి డాక్టరును కౌన్సిల్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాడు. హెలెన్ పక్కనే నిలబడి చూసింది. హైమ తల్లి కనకదుర్గ మాత్రం తెనాలిలో కూర్చుని ఫోన్‌లో చూసింది. ఆ కష్టం ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది. నిరుడు కూతురి దగ్గరకు వచ్చినప్పుడు హెలెన్ క్రిస్మస్ భోజనానికి రమ్మని మెసేజ్ పెడితే, తలనొప్పి అని తప్పించుకుంది. ఈ ఏడు మళ్లీ వచ్చింది. వియ్యపురాలు ఒక్కసారి తన ఇంట్లో భోంచేస్తే చాలునన్నది హెలెన్ కోరిక. తెలుగు నేర్చుకోవడం అందుకే.

"మెసేజ్ పెడితే ఎవరొస్తారమ్మా? పిల్లనిచ్చిన తల్లి ఆవిడ. బొట్టు పెట్టి పిలవాలి" అని ఆంటీ తేల్చేసింది. కుంకుమ భరిణె కొనిపెట్టింది. ఉంగరం వేలితో ఎలా పెట్టాలో నా నుదుటి మీదే సాధన చేయించింది. నవంబరంతా నా నుదురు ఎర్రగానే ఉంది. పిలుపు మాటలు బట్టీ పట్టించింది. హెలెన్ వాటిని బస్సులో కూడా గొణుక్కునేదట.

డిసెంబరులో గుంపంతా క్రిస్మస్ మార్కెట్లు చూడటానికి బయల్దేరింది. ఇంతకంటే మంచి అదను దొరకదంది ఆంటీ. హైమకు ఫోన్ చేసి, "మీ అమ్మగార్ని పంపమ్మా, తెలుగు మాటలైనా వింటారు" అంది. హైమ డ్యూటీకి పోతూ తల్లిని సెయింట్ ఆన్స్ స్క్వేర్ దగ్గర దింపింది.

వరసగా చెక్క కొట్లు, సాసేజీల పొగ, భుజాలు రాసుకునే జనం. కనకదుర్గ చీర మీద పొడుగు కోటు వేసుకుని, ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కుని నిలబడింది. హెలెన్ అప్పటికి హాట్ చాక్లెట్ క్యూలో ఉంది. ఆంటీ నన్ను వెంటబెట్టుకుని ఎదురెళ్లింది.

"రండి రండి. మాది భీమవరమండి. అన్నయ్యగార్ని కూడా తీసుకురాలేకపోయారా?"

"ఆయన పోయి ఆరేళ్లయిందండీ" అంది కనకదుర్గ.

ఆంటీ ముఖంలో రంగు పోయింది. భర్త పోయిన ఆడవాళ్లకు మనవాళ్లు పిలుపుల్లో బొట్టు పెట్టరు. నోటిమాటతో చెప్పి వెళ్లిపోతారు. ఇన్ని వారాలు ఇంత నేర్పిన ఆంటీ, అడగవలసిన ఆ ఒక్క ప్రశ్న హెలెన్‌ను అడగనే లేదు. నాకూ తట్టలేదు. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం.

హెలెన్ చాక్లెట్ కప్పు అక్కడే ఎవరి చేతిలోనో పెట్టి, గ్లవుజులు తీసేసి, భరిణె మూత తెరుచుకుని వచ్చేస్తోంది.

"హెలెన్, వద్దు! ఆగు!" అంది ఆంటీ.

"నాకు వచ్చు" అని తెలుగులోనే నవ్వింది హెలెన్. కనకదుర్గ టోపీని మెల్లగా పైకి జరిపి, ఖాళీ నుదుటి మీద కుంకుమ పెట్టింది. బట్టీ పట్టిన మాటలు తడబడకుండా చెప్పింది. "వదినగారూ, క్రిస్మస్‌కి మా ఇంటికి భోజనానికి రావాలి."

ఇక ఈ జన్మలో ఈ ఇద్దరూ ఒక ఇంట్లో కూర్చోరనుకున్నాను.

"ఈవిడకి ఇట్టా పిలవమని ఎవరు చెప్పారు?" అని అడిగింది కనకదుర్గ.

"నేనేనండి. కనుక్కోకుండా చెప్పాను. తప్పయిపోయిందండి." ఆంటీ నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

కనకదుర్గ ఆంటీ వైపు తిరిగింది. మెల్లగా అంది. "ఆయన పోయిన కాణ్ణించి, మా చెల్లెలు కూతురి పెళ్లికి కూడా నాకు నోటితో చెప్పి పోయారండీ. నా పక్కనున్నావిడకి బొట్టు పెట్టారు, నన్ను దాటుకుని పోయారు. నా కూతురి పెళ్లికైతే ఆ మాట చెప్పినవాళ్లూ లేరు. నన్ను కూడా మనిషిగా లెక్కేసి పిలిచింది ఈవిడేనండీ." కోటు చేతితో కళ్లు ఒత్తుకుంది. నుదుటి జోలికి పోలేదు. నాకూ ఏడుపొచ్చింది.

హెలెన్ కంగారుపడి, తానేమైనా తప్పు చేశానా అని ఇంగ్లీషులో నన్నడిగింది. జవాబు నేను చెప్పనక్కర్లేకపోయింది. కనకదుర్గ ఆమె చేతిలోని భరిణె తీసుకుని, ఆమె నుదుటి మీద ఇంత బొట్టు పెట్టింది.

"ఎన్నింటికి రమ్మంటారు, వదినగారూ?"

ఈ ప్రశ్న వస్తుందని ఆంటీ ఎన్నడూ అనుకోలేదు కాబట్టి జవాబు నేర్పలేదు. హెలెన్ తనకొచ్చిన తెలుగంతా వెతుక్కుని, ధైర్యంగా చెప్పింది.

"పొద్దున్నే వచ్చేయండి."