పెంటయ్య, రాజేశ్వర్ ఒకటేనన్న కంప్యూటర్

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు జ్వరం చూడమనే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఇది దయ్యం పని అని కూడా అనడం లేదు. జరిగింది చెప్తున్నాను.

ఎనభైల్లో హనుమకొండలో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో టెంపరరీగా పనిచేసేవాణ్ణి. అక్షరాల వరుసను కంప్యూటర్ భాషలో స్ట్రింగ్ అంటారు. స్ట్రింగులను కలపడానికి, కత్తిరించడానికి, పోల్చడానికి చిన్న చిన్న ఫంక్షన్లు రాసి, అందరూ వాడుకునేలా ఒక లైబ్రరీగా పెట్టడం నా పని. సోమవారం మా హెడ్డు స్వయంగా పరీక్షిస్తానన్నాడు. పాసైతే ఉద్యోగం పర్మినెంటు. నెక్కొండ దగ్గర మా ఊళ్లో ఇంకా కూలికి పోతున్న అమ్మను నా దగ్గరికి తెచ్చుకోవచ్చు. నా ఆశంతా దానిమీదే.

పోల్చే ఫంక్షన్ చాలా తేలిక. రెండు పేర్లిస్తే ఒక్కో అక్షరం సరిచూస్తుంది. రెండూ ఒకటే అయితే ఒకటి, కాకపోతే సున్నా చూపిస్తుంది. శనివారం పొద్దున నాతో పనిచేసే సదానందం నోటికొచ్చిన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. కొమురయ్య, సమ్మయ్య, పెంటయ్య, వాటితోపాటు నా పేరు రాజేశ్వర్. ఏ రెండింటిని పోల్చినా సున్నా వచ్చింది. రాజేశ్వర్, పెంటయ్య ఇస్తే మాత్రం ఒకటి.

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఇంట్లో నన్ను పిలిచేది పెంటయ్య అనే. ముందు పుట్టిన బిడ్డ దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎత్తుకుని, ఆ పేరు పెడతారు. చావుకు కూడా రోత పుట్టాలని. కాలేజీలో సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. సదానందం ఎక్కడో ఆరా తీసి ప్రోగ్రాంలో వేలు పెట్టాడనుకుని నిలదీశాను.

“నాకేమెర్క అన్నా? మా దిక్కు ఊరికిద్దరు పెంటయ్యలుంటరు” అన్నాడు.

నమ్మలేదు. అతన్ని బయటికి పంపి ప్రోగ్రాం మొత్తం మళ్లీ నేనే కొట్టాను. పెంటయ్య స్పెల్లింగు మార్చి చూశాను. రెండు పేర్లకూ పొడవే కలవదు. అయినా ఒకటేనంది.

ఆదివారం ప్యాసింజర్ బండెక్కి ఊరికి పోయాను. నా గురించి ఎవరైనా అడగడానికొచ్చారా అన్నాను. రాలేదంది అమ్మ. సంగతంతా చెప్పేసరికి చెరుగుతున్న చాట కింద పెట్టింది.

“రాజేశ్వర్ నీ పేరు గాదు బిడ్డా. నీకంటె ముందు పోయినోనిది. నేనొద్దంటున్నా మీ బాపు బడిల అదే రాపిచ్చిండు.”

ఆ సంగతి నాకే తెలియదు. బాపు పోయి ఏళ్లయింది. మరి సదానందానికి ఎవరు చెప్పినట్టు?

సోమవారం హెడ్డు ముందు అవే పేర్లు కొట్టాం. సున్నా వచ్చింది. ప్రోగ్రాంలో నేను ఒక్క అక్షరం మార్చలేదు. తర్వాత ఎన్నిసార్లు చూసినా సున్నానే. మెమరీలో ఏదో లోపం అయ్యుంటుందని తెలిసినవాళ్లంటారు. అయ్యుండొచ్చు. ఆ రెండు పేర్లకే ఎందుకొచ్చిందంటే మాత్రం వాళ్లూ చెప్పలేరు.

ఉద్యోగం పర్మినెంటయింది. సంతోషంగా అమ్మను తీసుకురావడానికి పోయాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. పెంటయ్యా అనలేదు, బిడ్డా అనలేదు.

“నేను ఎవని ఇంటికి రావాలె? ఉన్నోని ఇంటికా, పోయినోని ఇంటికా?” అంది.

నాకు భయమేసింది.