జపాను పేరు, అదే బోర్డు

ఈ రోజు గుడియాత్తంలో మా అక్క ముందు తలెత్తుకోలేకపోయాను.

కాలు విరిగి మంచాన పడ్డ కూతురి కోసం అక్క నెల కిందట టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ కొనాలనుకుంది. వాళ్ల వీధిలో టీవీలు బాగుచేసే మునస్వామి దగ్గర కంపెనీ పేరు లేని పెట్టె ఒకటి చూసుకుంది కూడా. నేనే అడ్డుపడ్డాను. ఊరూ పేరూ లేని సామాను నాలుగు రోజులు కూడా రాదని చెప్పి, వేలూరుకు పిలుచుకుపోయి, పెద్ద షోరూములో జపాను కంపెనీ పేరున్నది కొనిపించాను. పదో రోజుకే అది ఆగిపోయింది. షోరూమువాళ్లు అమ్మేశాక తమకు సంబంధం లేదన్నారు.

చివరికి ఇవాళ దాన్ని మునస్వామి దగ్గరికే తీసుకెళ్లాం. అతను దాన్నీ, తన అంగట్లోని పేరు లేని పెట్టెనూ విప్పి పక్కపక్కన పెట్టాడు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే సర్క్యూట్ బోర్డు.

"జపాను యాడుండాదన్నా దీంట్లో? పైన డబ్బా మీద మాత్రమే ఉండాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అంత పెద్ద పేరును నమ్మితే ఇంత మోసమా!" అని అరిచాను.

అక్క మాత్రం గొంతు పెంచలేదు. "నువ్వు పేరును నమ్మినావు. నేను నిన్ను నమ్మినాను గదప్పా" అంది.

ఆ తర్వాత నన్నొక్క మాట అడక్కుండా, చెడితే బాగుచేసేవాడు వీధిలోనే ఉన్నాడని పేరు లేని పెట్టెను కొనుక్కుని ఇంటికి పోయింది.

మీ ఇళ్లలోనూ నాలాంటి పెద్దమనిషి ఒకడు ఉండే ఉంటాడు. వాడి మాట విని మీరేం కొన్నారో చెప్పండి, నాకు కొంచెం ఊరటగా ఉంటుంది.