నా సొంత సెర్చ్ ఇంజన్, మా ఆవిడ సీమంతం

ఒక మొగుడు తన భార్య సీమంతాన్ని కంప్యూటర్ సాయంతో ఎంత చక్కగా భ్రష్టు పట్టించగలడో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఈ విషయంలో నాకున్న అనుభవం మరొకరికి లేదు.

అప్పట్లో నా లినక్స్ డెస్క్‌టాప్ మీద సొంతంగా సెర్చ్ ఇంజన్ పెట్టుకున్నాను. నేనేం వెతికానో, ఎక్కడినుంచి వెతికానో బయట నరమానవుడికి తెలియదు. అత్తగారితో సహా అందరికీ ఆ సంగతి చెప్పుకుంటూ, రాకెట్ వదిలినవాడిలా ఛాతీ విరుచుకుని తిరిగాను.

మాది రాజమండ్రి. అత్తగారివాళ్ళు తరతరాలుగా బెంగళూరు తెలుగువాళ్ళు, మా కాపురమూ బెంగళూరులోనే. సీమంతం రోజున ఇంటికొచ్చి గాజులు తొడిగే మనిషి కావాలన్నారు అత్తగారు.

“బళేపేట గాజులంగళ్ళలో మనకు తెలిసినాయన ఉండాడప్పా. పోయి చెప్పిరా.”

“ఆ ట్రాఫిక్‌లో ఎవరు పడతారత్తయ్యా? నా మిషన్ ఉందిగా!”

‘దగ్గర్లో ఇంటికొచ్చి గాజులు తొడిగేవారు’ అని తెలుగులో కొట్టాను. మొదట్లోనే బస్టాండ్ దగ్గరి గాజుల దుకాణం, ఫోన్ నంబరుతో సహా! ఫోన్ చేస్తే అచ్చం అత్తగారి యాసే.

“శుక్రవారం పొద్దున రాగలరా?”

“ఎందుకు రానన్నా? బస్టాండు కాడికొచ్చి ఫోన్ చేస్తా, ఇల్లు చూపిద్దురు.”

మా ఇల్లూ బస్టాండ్ పక్కనే. ఇంకేం కావాలి చెప్పండి?

శుక్రవారం మా ఆవిడ చేతులకు పసుపు రాసుకుని పీట మీద కూర్చుంది. హాలు నిండా ముత్తైదువలు. రాహుకాలం ముంచుకొస్తోంది, గాజులాయన జాడ లేదు. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే ఫోన్ మోగింది.

“బస్టాండు కాడే ఉండానన్నా. ఇల్లెక్కడ?”

“మెట్రో స్టేషన్ ఎదురు సందండీ!”

“మెట్రోనా? మా హిందూపురానికి మెట్రో ఎప్పుడొచ్చెనన్నా?”

స్పీకర్‌లో అందరూ విన్నారు. అత్తగారు నా వంక జాలిగా చూశారు.

“మనం యాడుండామో ఎవురికీ తెలీకూడదంటివి కదప్పా. పాపం, నీ మిషన్‌కీ తెలీల్యా!”

అని, కిటికీలోంచి కిందికి కేకేశారు. కింద కాఫీ తాగుతున్న బళేపేట ఆయన మూటతో పైకొచ్చాడు. ఎందుకైనా మంచిదని ముందురోజే అత్తగారు కబురంపారట! రాహుకాలం రాకముందే మా ఆవిడ చేతులు గలగలలాడాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ముత్తైదువలందరి ముందూ చెయ్యెత్తి ఒట్టేశాను: “ఇక ఈ జన్మలో మా ఆవిడ సీమంతానికి కంప్యూటర్ ముట్టను!”

మా ఆవిడ గాజులు సర్దుకుంటూ అంది: “సీమంతం తొలి కాన్పుకే చేసేది. ఇంగ మీ ఒట్టుకేం ఢోకా లేదులే!”